డిస్నీల్యాండ్‌లో ఏ పడవ ఎక్కాలి? అమ్మానాన్నలతో, చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళకి

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే లాస్ ఏంజిలిస్ వైపు ఒక ట్రిప్పు తప్పదు, ఆ ట్రిప్పులో అనహైమ్ డిస్నీల్యాండ్ తప్పదు. టికెట్లు కొన్నాక మొదలవుతుంది అసలు టెన్షన్. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. నాన్నకి గిరగిరా తిరిగేది ఏదీ పడదు. నాలుగేళ్ళ పాపకి చీకటంటే హడల్. ఎనిమిదేళ్ళవాడికేమో కాస్త గుండె జారకపోతే రైడ్ ఎక్కినట్టే ఉండదు. రోలర్ కోస్టర్ అన్నామంటే ఇంట్లో సగంమంది బయట బెంచీ మీద కూర్చుని స్ట్రోలర్లకి కాపలా కాయాలి. అందరూ కలిసి ఎక్కి, అందరూ కలిసి దిగే రైడ్ కావాలంటే మిగిలేది పడవలే.

ఆ పార్కులో కూర్చుని వెళ్ళే పడవల్లో ముఖ్యమైనవి ఐదు: ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్, పైరేట్స్ ఆఫ్ ద కరీబియన్, జంగిల్ క్రూజ్, స్టోరీబుక్ ల్యాండ్ కెనాల్ బోట్స్, మార్క్ ట్వెయిన్ రివర్‌బోట్. మనమే తెడ్డు వేయాల్సిన కానోలు కూడా ఉన్నాయి కానీ, వాటిని ఈ లెక్కలోకి తీసుకోలేదు. అమ్మని తెడ్డు వేయమనే ధైర్యం నాకు లేదు.

పొద్దున తలుపులు తీసేసరికి వెళ్ళి రాత్రిదాకా ఉంటే ఐదూ ఎక్కేయొచ్చు. అమ్మ నడవగలిగే దూరం, పాప నిద్రవేళ, నాన్న కాఫీవేళ కూడా లెక్కలో వేసుకుంటే దక్కేవి రెండో మూడో. ఆ రెండూ ఏవో ఇంటి దగ్గరే తేల్చుకుని వెళ్ళడం మంచిది. గేటు దగ్గర నిలబడి మ్యాపు విప్పితే గంట అక్కడే పోతుంది.

## ముందుగా చూసుకోవాల్సినవి

నెట్‌లో దొరికే లిస్టులన్నీ థ్రిల్ ఎంత ఉందని మార్కులు వేస్తాయి. ఇలాంటి కుటుంబానికి ఆ మార్కులు అక్కరకు రావు. నేను చూసేవి వేరు.

మొదటిది ఎక్కడం, దిగడం. గట్టు పైన, పడవ కింద. మోకాలు వంచి అడుగు కిందికి వేయాలి, దిగేటప్పుడు మళ్ళీ లేచి పైకి రావాలి. చీర కట్టుకున్నవాళ్ళకి ఒక చెయ్యి కుచ్చిళ్ళకి పోతుంది, పట్టుకోడానికి మిగిలేది ఒక్క చెయ్యే. ఆ రోజుకి చుడీదార్ వేసుకోమని ముందే చెప్పండి. వింటారని నమ్మకం లేదు, అయినా చెప్పండి.

రెండోది భయం. దీన్ని ఒకే మాటగా చూడకండి. చీకటి వేరు, పెద్ద చప్పుడు వేరు, పడవ గభాలున కిందికి జారడం వేరు. పాప చీకటికి ఏడుస్తుంది కానీ జారితే నవ్వొచ్చు. నడుం నొప్పి ఉన్న నాన్నకి చీకటితో పేచీ లేదు, జారుడుతోనే.

మూడోది ఎండ. జులైలో మధ్యాహ్నం ఒంటిగంటకి నీడలేని పడవ ఎక్కితే మిగతా రోజంతా చిరాకే.

నాలుగోది ఇంగ్లీషు. కొన్ని పడవల్లో మాటలే ప్రాణం, కొన్నింట్లో మాటలతో పనే లేదు. పెద్దవాళ్ళని తీసుకెళ్ళేటప్పుడు మనం దీన్ని మర్చిపోతాం. వాళ్ళు పైకి నవ్వుతూనే ఉంటారు కాబట్టి మనకి తెలియదు కూడా.

ఇక క్యూ. ఎంతసేపు నిలబడాలి అన్న ఒక్కదాన్నే చూడకండి, నిలబడినందుకు లోపల ఎంతసేపు కూర్చోనిస్తారో కూడా చూడండి. నలభై నిమిషాలు నిలబడి ఏడు నిమిషాలు కూర్చోవడం, ఇరవై నిమిషాలు నిలబడి పావుగంట కూర్చోవడం ఒకటి కాదు.

ఎత్తు పరిమితి గురించి బెంగ వద్దు. ఈ ఐదింటిలో దేనికీ లేదు. చంకలో బిడ్డతో కూడా ఎక్కొచ్చు. మూడేళ్ళు నిండని పిల్లలకి పార్కు టికెట్టే అక్కర్లేదు.

| పడవ | లోపల గడిపే సమయం | ఎక్కడం, దిగడం | చీకటి, జారుడు | ఎండ | ఇంగ్లీషు రాకపోతే |
|---|---|---|---|---|---|
| స్మాల్ వరల్డ్ | సుమారు పావుగంట | కిందికి అడుగు వేయాలి. వీల్‌చైర్‌తో ఎక్కే పడవ ఉంది | చీకటి లేదు, జారుడు లేదు | క్యూలో ఉంది, లోపల లేదు | ఏ ఇబ్బందీ లేదు |
| పైరేట్స్ | సుమారు పావుగంట | కిందికి అడుగు. వీల్‌చైర్ నుంచి లేచి కూర్చోవాలి | బాగా చీకటి, రెండు జారుళ్ళు | లోపల లేదు | ఫర్వాలేదు |
| జంగిల్ క్రూజ్ | 7-8 నిమిషాలు | కిందికి దిగాలి. వీల్‌చైర్‌తో ఎక్కే పడవ ఉంది | రెండూ లేవు | పైకప్పు ఉంది | సగం సరదా పోయినట్టే |
| స్టోరీబుక్ | 7 నిమిషాల లోపు | అన్నింటికన్నా కష్టం, సీటు బాగా కిందికి | రెండూ లేవు | నెత్తిమీదే | చూసి ఆనందించొచ్చు |
| మార్క్ ట్వెయిన్ | 12-14 నిమిషాలు | నడిచి లోపలికి వెళ్ళడమే. వీల్‌చైర్ నేరుగా వెళ్తుంది | రెండూ లేవు | కింది డెక్‌లో నీడ | ఏ ఇబ్బందీ లేదు |

## ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్

మెత్తటి పడవ అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఇదే. దీని పుట్టిల్లు డిస్నీల్యాండ్ కాదు, న్యూయార్క్. 1964-65లో అక్కడ జరిగిన వరల్డ్స్ ఫెయిర్‌లో యూనిసెఫ్ కోసం పెప్సీ కంపెనీ పెట్టిన పెవిలియన్‌కి వాల్ట్ డిస్నీ బృందం దీన్ని తయారుచేసింది. జనం విరగబడటంతో విప్పి కాలిఫోర్నియాకి తెచ్చి, 1966 మే 28న అనహైమ్‌లో తెరిచారు. మొదట ఒక్కో దేశం బొమ్మలు ఆ దేశపు జాతీయగీతం పాడాలని అనుకున్నారట. అన్నీ ఒకేసారి మోగేసరికి సంతలో గోల అయింది. అప్పుడు షెర్మన్ అన్నదమ్ములతో ఒకే చిన్న పాట రాయించారు. అరవై ఏళ్ళుగా మోగుతున్నది ఆ పాటే.

లోపల దాదాపు 300 బొమ్మలు, దేశదేశాల పిల్లలు. రంగులు, ఆకారాలు మేరీ బ్లెయిర్ అనే చిత్రకారిణివి. కాగితాలు కత్తిరించి అతికించినట్టుండే ఆ పద్ధతి వల్లే ఇన్నేళ్ళయినా పాతబడినట్టు అనిపించదు. మా అమ్మ రెండో గది దాటకముందే తేల్చేసింది: "ఇది బొమ్మల కొలువేరా. మెట్లు లేవంతే." ఇండియా కోసం చూస్తూ ఉండండి. తాజ్‌మహల్ కనిపిస్తుంది, ఫోను తీసేలోపు దాటిపోతుంది. చివరి గదిలో దేశాలన్నీ కలిసి తెల్లబట్టల్లో పాడతాయి. 2009లో డిస్నీ సినిమాల పాత్రల్ని కూడా అక్కడక్కడా కలిపారు. ఎనిమిదేళ్ళవాడికి ఇదేం చిన్నపిల్లల రైడ్ అనిపిస్తే, ఆ పాత్రల్ని వెతికే పని అప్పజెప్పండి. 2022లో చక్రాల కుర్చీలో కూర్చున్న బొమ్మల్ని కూడా చేర్చారు.

పడవకి మోటారు లేదు, కాలువలో పంపులు తోసే నీళ్ళ మీద తేలుతూ పోతుంది. అందువల్ల ఒక చిత్రం జరుగుతుంది. దిగే చోట ముందు పడవ ఆలస్యమైతే వెనక వచ్చేవన్నీ ఒకదానికొకటి మెల్లగా తగులుకుని లోపలే వరుసగా ఆగిపోతాయి. పాట మాత్రం ఆగదు. పిల్లలకి అది బోనస్, పెద్దవాళ్ళలో కొందరికి శిక్ష. గంటల తరబడి బుర్రలో తిరిగే పాటలంటే పడని మనిషి మీ ఇంట్లో ఉంటే ముందే చెప్పి ఎక్కించండి. మా నాన్న ఆ రాత్రి హోటల్‌లో పళ్ళు తోముకుంటూ అదే కూనిరాగం తీశారు. అడిగితే ఒప్పుకోలేదు.

ఇబ్బంది అంతా క్యూతోనే. అనహైమ్‌లో పడవ బయటి నుంచే బయల్దేరుతుంది. కత్తిరించిన మొక్కల మధ్య, తెలుపు బంగారు రంగుల పెద్ద ముఖభాగం ఎదుట నిలబడాలి. ఫొటోలకి అంతకన్నా మంచి చోటు దొరకదు కానీ నీడ తక్కువ. గడియారం ప్రతి పావుగంటకీ మోగి చిన్న బొమ్మల ఊరేగింపు బయటికి వస్తుంది. పాపని అది చూపిస్తూ కాలక్షేపం చేయొచ్చు. డబ్బులు కట్టి తక్కువ క్యూలో వెళ్ళే లైట్నింగ్ లేన్ దీనికి ఉంది. దీని ఒక్కదానికోసమైతే ఆ డబ్బు దండగ. పొద్దున మొదటి గంటలోనో రాత్రి పొద్దుపోయాకో వెళ్తే పెద్దగా నిలబడకుండానే ఎక్కేయొచ్చు.

డిసెంబరు సెలవుల్లో వెళ్ళేవాళ్ళకి ఇంకో మాట. 1997 నుంచి ప్రతి ఏటా క్రిస్మస్ రోజుల్లో లోపలి అలంకరణ, పాట మార్చేస్తారు. జింగిల్ బెల్స్ కలిసి వినిపిస్తుంది, రాత్రి ముఖభాగమంతా దీపాలే. మామూలు రోజుల దానికన్నా నాకు అదే ఎక్కువ ఇష్టం. అలంకరణ పెట్టేముందూ తీసేసేటప్పుడూ కొన్ని రోజులు మూసేస్తారు కాబట్టి తేదీలు చూసుకోండి.

## పైరేట్స్ ఆఫ్ ద కరీబియన్

రైడ్‌గా చూస్తే ఐదింటిలో గొప్పది ఇదే. 1967 మార్చి 18న తెరిచారు. వాల్ట్ డిస్నీ దగ్గరుండి చూసుకున్న చివరి రైడ్ ఇది, ఆయన అంతకు మూణ్ణెల్ల ముందే పోయారు. సినిమాలు చూసి రైడ్ కట్టారని చాలామంది అనుకుంటారు. జరిగింది తిరగేసి: రైడ్‌ని బట్టి 2003లో సినిమా తీశారు, సినిమా ఆడాక 2006లో ఆ సినిమా హీరో జాక్ స్పారో బొమ్మని తెచ్చి ఇందులో పెట్టారు.

మొదటి రెండు నిమిషాలకే ఎక్కొచ్చు దీన్ని. బయట మిట్టమధ్యాహ్నం, లోపల అడుగు పెడితే సందెచీకటి. చిత్తడి నేలలో చెట్లు, మిణుగురుల్లా మెరిసే దీపాలు, ఒక పక్క బ్లూ బయూ అనే రెస్టారెంటులో భోంచేస్తున్న జనం, ఇంకో పక్క గుడిసె వసారాలో కుర్చీ ఊపుకుంటూ కూర్చున్న ముసలాయన. ఎక్కడో బాంజో. నాన్న నా భుజం మీద చెయ్యేసి "మన ఊరి కాలవ గట్టులా ఉందిరా" అన్నారు. ఆ మాట ముగిసేలోపే పైన పుర్రె మాట్లాడింది, పడవ జారింది.

ఆ జారుళ్ళు రెండు. ఎందుకున్నాయంటే, పార్కు చుట్టూ తిరిగే రైలుకట్ట కింది నుంచి దూరి పడవ అవతలున్న పెద్ద భవనంలోకి వెళ్ళాలి, అందుకని కిందికి దించారు. పెద్ద ఎత్తేమీ కాదు. కానీ చీకట్లో వస్తుంది, ముందుగా తెలియదు, ముందు వరుసలో వాళ్ళ మీద నీళ్ళు చిందుతాయి. నడుం ఆపరేషన్ అయినవాళ్ళని ఎక్కించకండి. చీర కట్టుకున్న అమ్మని ముందు వరుసలో కూర్చోబెట్టకండి, సీటు ఒక్కోసారి తడిగానే ఉంటుంది. జారిన తర్వాత గుహలో అస్థిపంజరాలు, ఆపైన ఓడకీ కోటకీ మధ్య ఫిరంగులు, మండుతున్న ఊరు.

మా పాపని నాలుగేళ్ళప్పుడే ఎక్కించాను. అన్నయ్య ఎక్కుతున్నాడు, వదిలేస్తే ఏడుస్తుందని. తప్పు పూర్తిగా నాదే. మొదటి జారుడుకి కిలకిలా నవ్వింది. అస్థిపంజరాల దగ్గర నా చొక్కాలో మొహం దాచుకుని, మళ్ళీ వెలుతురు వచ్చేదాకా తియ్యలేదు. ఆ తర్వాత రోజంతా చీకటి గుమ్మం కనిపిస్తే చాలు, "ఇందులో ఎముకలున్నాయా?" అని అడగడమే. ఐదారేళ్ళ లోపు పిల్లలకి ఒకసారి యూట్యూబ్‌లో ఈ రైడ్ వీడియో చూపించి, మొహం ఎలా పెడతారో చూసి తేల్చుకోండి.

క్యూ మాత్రం వేగంగా కదులుతుంది. పడవలు పెద్దవి, ఆగకుండా వస్తూనే ఉంటాయి. క్యూకీ రైడ్‌కీ నిష్పత్తి చూస్తే ఇంత గిట్టుబాటు అయ్యేది పార్కులో ఇంకోటి లేదనే నా లెక్క. ఎండ మండే వేళ చల్లగా పావుగంట కూర్చోబెడుతుంది కూడా.

## మార్క్ ట్వెయిన్ రివర్‌బోట్

లిస్టుల్లో దీన్ని ఎవరూ పైన పెట్టరు. అమ్మానాన్నలతో వెళ్తే నేను పైనే పెడతాను.

105 అడుగుల పొడవున్న రెండు చిమ్నీల ఆవిరి ఓడ. బాయిలరూ నిజమైనదే, వెనక తిరిగే పెద్ద చక్రమూ నిజమైనదే. దారి తప్పకుండా నీళ్ళ అడుగున ఒక పట్టా ఉంటుంది. పార్కు తెరిచిన 1955 జులై 17 నుంచీ నడుస్తోంది. అంతకు నాలుగు రోజుల ముందే డిస్నీ దంపతులు తమ ముప్ఫయ్యో పెళ్ళిరోజుకి అతిథుల్ని పిలిచి ఇందులో తిప్పారు.

దీని గొప్పతనం ఒక్కటే: దిగక్కర్లేదు, వంగక్కర్లేదు. గట్టు మీద నడిచినట్టే లోపలికి నడిచి వెళ్తారు. వీల్‌చైర్ అలాగే తోసుకుపోవచ్చు. పడవ కదిలాక కూడా లేచి తిరగొచ్చు, పాప ఏడిస్తే ఎత్తుకుని అవతలి వైపుకి తీసుకెళ్ళొచ్చు. పైరేట్స్‌లోనో స్మాల్ వరల్డ్‌లోనో పిల్లలు మారాం మొదలుపెడితే దిగేదాకా చేసేదేమీ లేదు. కుర్చీలు మాత్రం తక్కువ. కింది డెక్ ముందు భాగంలో కొన్ని ఉంటాయి, గేటు తీయగానే ఒకరు గబగబా వెళ్ళి పెద్దవాళ్ళకి పట్టేయాలి. బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసిన అనుభవం ఇక్కడ పనికొస్తుంది. పై డెక్‌లకి మెట్లే గతి.

లోపల పెద్దగా జరిగేదేమీ లేదు. ఒడ్డున చెట్లు, జంతువుల బొమ్మలు, దూరంగా వెళ్ళే రైలు. ఎనిమిదేళ్ళవాడు ఐదో నిమిషానికి "అయిపోయిందా?" అంటాడు. నాన్న మాత్రం రెయిలింగ్‌కి ఆనుకుని, "పాపికొండల లాంచీలాగే ఉంది, భోజనం ఒక్కటే తక్కువ" అన్నారు. అమ్మ ఆ రోజు మొదటిసారి చెప్పులు విప్పి కాళ్ళు చాపింది. సాయంత్రం చీకటి పడేసరికి, ఓడ తిరిగే నది మీద షో ఉన్న రోజుల్లో, ఓడ ఆపేస్తారు. రాత్రికి మిగుల్చుకోకండి.

## జంగిల్ క్రూజ్

ఇది కూడా 1955 జులై 17 నాటిదే. అడవి నదిలో పడవ, ఏనుగుల స్నానం, నీళ్ళలోంచి తల ఎత్తే నీటిగుర్రాలు. అన్నీ మరబొమ్మలే. జనం ఎక్కేది వాటికోసం కాదు, పడవ నడిపే స్కిప్పర్ వేసే జోకుల కోసం. కావాలనే చెత్తగా వేసే జోకులు, ఇంగ్లీషు మాటల విరుపుల మీద నడిచేవి. వాటిలో బాగా పేరున్నది జలపాతం వెనక్కి పడవ వెళ్ళినప్పుడు వస్తుంది. ప్రపంచ అద్భుతం చూపిస్తున్నట్టు ఊరించి ఊరించి "నీళ్ళ వెనక భాగం!" అంటాడు. పడవంతా గొల్లుమంది. నేను నాన్న చెవిలో తెలుగులో చెప్పాను. ఆయన నీళ్ళవైపు చూశారు, నావైపు చూశారు. "ఇందులో నవ్వడానికేముందిరా?"

కాబట్టి ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలుంటే, వాళ్ళకి ఏడెనిమిదేళ్ళు దాటితే, తప్పక ఎక్కించండి. స్కిప్పర్‌ని బట్టి రైడ్ మారుతుంది, రెండుసార్లు ఎక్కినా ఒకేలా ఉండదు. ఇంగ్లీషు యాస అందని పెద్దవాళ్ళకి మిగిలేది ఏనుగులే. క్యూ పొడుగ్గా ఉంటే వాళ్ళని బయట ఐస్‌క్రీమ్ దగ్గర కూర్చోబెట్టడమే నయం.

## స్టోరీబుక్ ల్యాండ్ కెనాల్ బోట్స్

తిమింగలం నోట్లోంచి పడవ లోపలికి వెళ్తుంది. అవతల కథల్లోని ఊళ్ళు, మోకాలెత్తు ఇళ్ళు, వాటికి తగ్గట్టు పొట్టిగా పెంచిన నిజం చెట్లు. 1955లో తెరిచినప్పుడు ఒడ్డున చూడ్డానికేమీ లేక జనం పెదవి విరిస్తే, మూసేసి 1956లో ఈ బొమ్మల ఊళ్ళు కట్టి మళ్ళీ తెరిచారు. పడవలో గైడు మాట్లాడుతూ ఉంటారు. అర్థం కాకపోయినా చూడ్డానికి బావుంటుంది. పాపకి అన్నింటికన్నా నచ్చింది ఇదే, స్మాల్ వరల్డ్ కన్నా.

కానీ పెద్దవాళ్ళకి కష్టం. పడవ చిన్నది, సీటు బాగా కిందికి ఉంటుంది, లేవడానికి ఇద్దరు పట్టుకోవాలి. పైకప్పు లేదు. పడవకి పట్టేది కొద్దిమందే కాబట్టి చిన్న క్యూ కూడా నత్తనడక నడుస్తుంది. మిట్టమధ్యాహ్నం అమ్మని నేను ఎక్కించింది ఈ పడవే. ఆమె ఏమీ అనలేదు, కొంగు నెత్తిమీదికి లాక్కుంది, అంతే. ఎక్కితే పొద్దున్నే ఎక్కండి. ఆ ఊళ్ళ మధ్య నుంచే కేసీ జూనియర్ అనే బుల్లి రైలు కూడా వెళ్తుంది, పడవ క్యూ పొడుగ్గా ఉంటే దాంట్లోంచే ఆ ఇళ్ళు కనిపిస్తాయి.

## మీ ఇంట్లో ఎవరున్నారు?

ఐదేళ్ళ లోపు పిల్లలు, ఓపికున్న తాతామామ్మలు అయితే స్మాల్ వరల్డ్, మార్క్ ట్వెయిన్. ఇందులో ఆలోచించడానికేమీ లేదు.

మోకాలి మార్పిడి అయినవాళ్ళో, వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ళో ఉంటే మార్క్ ట్వెయిన్‌తో మొదలుపెట్టండి. స్మాల్ వరల్డ్‌లో వీల్‌చైర్ పడవ కోసం కాస్త వేరుగా ఆగాల్సి రావొచ్చు, సిబ్బందిని ముందే అడగండి. పార్కు గేటు దగ్గర వీల్‌చైర్లు అద్దెకి దొరుకుతాయి. "నాకెందుకు, నేను నడవగలను" అంటారు. తీసుకోండి. మధ్యాహ్నానికి అది వాళ్ళకి కాకపోయినా సంచులకి పనికొస్తుంది.

ఏడెనిమిదేళ్ళు దాటిన పిల్లలు, గట్టి పెద్దవాళ్ళు ఉంటే పైరేట్స్ వదలకండి. మిగిలిన టైముని బట్టి జంగిల్ క్రూజ్.

అసలు చిక్కు మా ఇంటి లాంటి కలగలుపు ఇళ్ళది. అందరికీ కలిపి ఒకటే పడవ అని పట్టుబట్టకండి. పైరేట్స్‌కీ మార్క్ ట్వెయిన్‌కీ నడుమ దూరం తక్కువ. ఒక పెద్దమనిషి పిల్లాడితో పైరేట్స్‌కి, మిగతావాళ్ళు పాపతో ఓడకి. రెండూ దాదాపు పావుగంటవే, ఇంచుమించు ఒకేసారి బయటపడి నది ఒడ్డున కలుసుకోవచ్చు. అక్కడి బెంచీల మీదే మేము పులిహోర డబ్బాలు విప్పాం. బయటి తిండి తెచ్చుకోనిస్తారు, గాజు సీసాలు మాత్రం వద్దంటారు. స్మాల్ వరల్డ్‌ని అందరూ కలిసి ఎక్కేదిగా రాత్రికి ఉంచుకోండి.

## ఫ్లోరిడా వైపు ఉంటే

ఓర్లాండోలో లెక్క మారుతుంది. అక్కడి డిస్నీ పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో స్మాల్ వరల్డ్ 1971లో పార్కుతోపాటే మొదలైంది. రైడ్ కాస్త చిన్నది, బయట ఆ పెద్ద ముఖభాగం లేదు. కానీ పడవ ఎక్కేది లోపలే కాబట్టి ఎండ బాధా తక్కువ. పైరేట్స్ అక్కడ పొట్టిది, ఒకటే జారుడు. అనహైమ్‌లో ఎక్కినవాళ్ళకి వెలితిగా అనిపిస్తుంది. ఆవిరి ఓడ మాత్రం ఇక లేదు. 2025 జులైలో అది తిరిగే నదినే మూసేశారు.

అమ్మానాన్నల కోసం అక్కడ నేను ఎంచుకునేది ఎప్‌కాట్ అనే ఇంకో డిస్నీ పార్కులోని లివింగ్ విత్ ద ల్యాండ్. 1982 నుంచి ఉన్న పడవ, సుమారు 14 నిమిషాలు. మొదట్లో కొంచెం చీకటి, ఉరుముల వాన. ఆ తర్వాత పడవ నేరుగా గాజు పందిళ్ళలోకి వెళ్తుంది. అందులో ఉన్నవి బొమ్మలు కాదు, నిజంగా కాస్తున్న పంటలు. మట్టి లేకుండా గాల్లో వేలాడే వేళ్ళు, పందిరికి పాకిన టమాటాలు, అచ్చుల్లో పెంచి మిక్కీ ఆకారం తెప్పించిన గుమ్మడికాయలు, అరటి, బొప్పాయి, చేపల తొట్లు. కోసిన కూరల్లో కొన్ని అక్కడి రెస్టారెంట్లకే వెళ్తాయి. నాన్న రోజంతా ఫోను జేబులోంచి తియ్యని మనిషి, ఈ పద్నాలుగు నిమిషాల్లో తీసినన్ని ఫొటోలు ఇంకెక్కడా తియ్యలేదు. దిగాక, "మళ్ళీ ఎక్కుదామా?" అని అడిగింది పిల్లలు కాదు. పదేళ్ళ పిల్లలకి ఇది సైన్స్ క్లాసులా అనిపించొచ్చు, వాళ్ళని అదే పార్కులో నార్వే పేరుతో ఉన్న భాగంలోని ఫ్రోజెన్ సినిమా పడవకి పంపండి. అది మధ్యలో వెనక్కి వెళ్తుంది, ఒక చిన్న జారుడూ ఉంటుంది, క్యూ మాత్రం భారీ. యానిమల్ కింగ్‌డమ్ అనే మరో డిస్నీ పార్కులో 2017లో వచ్చిన నావీ రివర్ జర్నీ పడవ చూడ్డానికి అద్భుతం, జారుడు లేదు. కానీ ఐదు నిమిషాలకే అయిపోతుంది. అంత క్యూకి ఆ ఐదు నిమిషాలు చాలవని నా అభిప్రాయం.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో నేరుగా హాంకాంగ్ టూరు వేసుకునేవాళ్ళకి: అక్కడి స్మాల్ వరల్డ్ 2008లో తెరిచారు, ఆసియా భాగం పెద్దది. జంగిల్ రివర్ క్రూజ్‌లో కాంటనీస్, మాండరిన్, ఇంగ్లీషు వ్యాఖ్యానాలకి వేర్వేరు క్యూలు ఉంటాయి. బోర్డు చూసి నిలబడండి, లేకపోతే జోకులన్నీ చైనా భాషలో వినాల్సి వస్తుంది.

ఎక్కడికి వెళ్ళినా, బయల్దేరే ముందురోజు రాత్రి డిస్నీ యాప్ తెరిచి, మీరనుకున్న పడవ ఆ రోజు నడుస్తోందో, మరమ్మతుకి మూసేశారో చూసుకోండి. బాణసంచా వేళకి స్మాల్ వరల్డ్ చుట్టుపక్కల కొన్ని రైడ్లు ఆపేస్తారు. రాత్రికి దాన్ని ఉంచుకుంటే ఆ టైము కూడా రాసిపెట్టుకోండి.